పత్తి మోడు, పచ్చపురుగు, పెదనాన్న కాలు

రెండేళ్ళ క్రితం, శివరాత్రి వెళ్ళిన మూడోవారం. ఆఫీసులో ఏదో రిలీజ్ హడావిడిలో ఉండగా మా అన్నయ్య (పెదనాన్న కొడుకు) వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. ల్యాబ్ రిపోర్టు. పైన 'కల్చర్ అండ్ సెన్సిటివిటీ' అని ఉంది. దాని కింద రెండు బాక్టీరియాల పేర్లు, ఆ కింద పదహారు యాంటీబయాటిక్కుల పేర్లు, ఒక్కో మందు ఎదురుగా ఒక్కో అక్షరం. 'ఎస్' అంటే ఆ మందుకి ఈ బాక్టీరియా లొంగుతుందని. 'ఆర్' అంటే లొంగదని.

మనకి టెస్ట్ రిపోర్టులు చదవడం కొత్తేమీ కాదు కదా. ఎర్రగా ఉన్నవన్నీ లెక్కపెట్టా. క్లెబ్సియెల్లా అనే దాని ఎదురుగా పదహారింటిలో పదమూడు ఆర్‌లు. ఆఫీసులో అయితే "బిల్డ్ వెనక్కి తీసుకోండి" అని చెప్పి టీ తాగడానికి పోయేవాణ్ణి. కానీ అది పెదకాకానిలో ఉండే మా పెదనాన్న కుడికాలు. వెనక్కి తీసుకోవడం కుదరదు.

సిగ్గుపడుతూనే చెప్తున్నా, ఆ పదమూడు ఆర్‌లలో నా వాటా కూడా కొంత ఉంది. అదేంటో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. అయితే నా కథ ఒక్కటే చెప్తే సగమే చెప్పినట్టు. ఆ కాగితం మీదున్న ప్రతి ఆర్ వెనకా కొన్ని దశాబ్దాల చరిత్ర ఉంది. అందులో మన తెలుగువాళ్ళ పాత్ర కూడా మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువే.

*

ముందు జరిగింది చెప్తా. మా ఊరి చుట్టూ పొలాలన్నీ ప్లాట్లు అయిపోగా మిగిలిన ఎకరంన్నరలో పెదనాన్న ఇప్పటికీ పత్తి వేస్తాడు. డెబ్భై దాటాయి, షుగరొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. నల్లరేగట్లో చెప్పులేసుకుంటే అంటుకుపోతాయని ఒట్టికాళ్ళతోనే దిగుతాడు. పత్తికట్టె కోసేశాక మొదలు నేలలో ఉండిపోతుంది చూశారా, ఆ మోడు అరికాల్లో గుచ్చుకుంది. గుచ్చుకున్న సంగతి ఆయనకి తెలియలేదు. శివరాత్రికి గుళ్ళో ప్రదక్షిణాలు కూడా చేసొచ్చాడు. రాత్రికి పెద్దమ్మ దుప్పటి మీద రక్తం మరక చూస్తే గానీ బయటపడలేదు.

"నొప్పి లేదురా, నొప్పుంటే నేను చెప్పనా?" అన్నాడు ఫోన్లో. అసలు భయపడాల్సిన మాట అదేనని అప్పుడు నాకు తెలియదు.

మెడికల్ షాపులో ఐదు రోజుల సిప్రో ఇచ్చారు. నాలుగో రోజుకి ఎరుపు తగ్గిందని ఆపేశాడు. వారానికి మళ్ళీ వాచింది. అన్నయ్య ఫోన్ చేస్తే నేను, హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని, మహా తెలిసినట్టు చెప్పాను: "ఆ మామూలు బిళ్ళలు కాదన్నయ్యా, కాస్త స్ట్రాంగ్‌గా ఉండేది ఏదైనా వేయించు, డబ్బులు నేను పంపిస్తా." ఆర్ఎంపీ ఒకాయన ఇంటికొచ్చి ఐదు రోజులు సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు చేశాడు. ఆ తర్వాత ఇంకెవరో ఇంకో రకం బిళ్ళలు రాశారు. మూడువారాల్లో మూడు రకాల మందులు. ఆ మూడువారాల్లో పుండు లోపల ఏముందో తెరిచి చూసినవాళ్ళు లేరు. చివరికి చెడు వాసన వచ్చి, బొటనవేలు నల్లబడ్డాక గుంటూరు తీసుకెళ్ళారు.

*

ఇంతకీ నొప్పి ఎందుకు తెలియలేదు? చరిత్ర అక్కణ్ణుంచే మొదలెట్టాలి.

1922లో టొరంటోలో ఇన్సులిన్ మొదటిసారి మనుషులకి ఇచ్చారు. అంతకుముందు చిన్నవయసులో షుగరొచ్చినవాళ్ళు ఎక్కువకాలం బతికేవాళ్ళు కాదు. ఇన్సులిన్, ఆ తర్వాత 1950లలో వచ్చిన బిళ్ళలు షుగరు రోగికి ఆయుష్షు ఇచ్చాయి. ఆయుష్షుతోపాటే ఒక కొత్త చిక్కూ వచ్చింది. పది పదిహేనేళ్ళు ఒంట్లో చక్కెర ఎక్కువగా ఉంటే కాళ్ళ చివర్లకి వెళ్ళే నరాలు మొద్దుబారతాయి. రక్తనాళాలు సన్నబడతాయి. గుచ్చుకుంటే తెలియదు, తెగితే మానదు, మందు మింగినా అక్కడిదాకా పోదు. దానికి తోడు రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే బాక్టీరియాని పట్టుకు తినాల్సిన తెల్లకణాలు కూడా మందగిస్తాయి.

ఈ సంగతి మొదట బాగా అర్థమైంది షుగరు రోగుల దగ్గర కాదు, కుష్ఠు రోగుల దగ్గర. అదీ మన పక్కనే, వెల్లూరులో. 1946లో సీఎంసీ ఆసుపత్రికి వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్, కుష్ఠు రోగుల వేళ్ళు ఎందుకు పోతున్నాయని ఏళ్ళ తరబడి గమనించాడు. జబ్బే మాంసాన్ని తినేస్తుందని అప్పటిదాకా అందరి నమ్మకం. ఆయన తేల్చింది వేరు. చాలావరకు నొప్పి తెలియకపోవడం వల్లే, కాలినా తెగినా అదే కాలి మీద నడవడం వల్లే పుళ్ళు పడుతున్నాయన్నాడు. పుండు మీద బరువు పడకుండా చూస్తే అది మానుతుందని చూపించాడు. మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు అడుగుతో చెప్పులు చేయించాడు. ఇప్పటికీ మన దగ్గర ఎంసీఆర్ చెప్పులని దొరికేవి ఆ కోవలోవే. 1960లలో ఆయన అమెరికాలోని కార్‌విల్‌కి వెళ్ళాక ఇదే పద్ధతి షుగరు రోగుల కాళ్ళకి వాడారు. ప్రపంచమంతా నేర్చుకున్న పాఠం మనకి పెదకాకాని నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్ళో పుట్టింది. మా పెదనాన్న కాళ్ళకి మాత్రం పద్దెనిమిదేళ్ళయినా ఎంసీఆర్ చెప్పులు రాలేదు.

మా ఊళ్ళో హైవే మీద శంకర కంటి ఆసుపత్రి ఉంది. షుగరుంటే కళ్ళు చూపించుకోవాలని ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. కాళ్ళు చూపించుకోవాలని మాత్రం ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు.

*

ఇప్పుడు మందుల సంగతి. ఫ్లెమింగ్ 1928లో పెనిసిలిన్ చూడటం, ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చైన్ బృందం దాన్ని మందుగా మార్చడం మనందరం స్కూల్లో చదువుకున్నదే. స్కూల్లో చెప్పనిది ఒకటుంది. 1940 డిసెంబరులో అదే చైన్, అబ్రహాం అనే సహచరుడితో కలిసి ఒక చిన్న పేపరు అచ్చేశాడు. పెనిసిలిన్‌ని ముక్కలు చేసే ఎంజైమ్ ఒకటి బాక్టీరియాలో కనబడిందని. ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు పెనిసిలిన్‌తో వైద్యం చేసిన మొదటి రోగి పోలీసు కానిస్టేబుల్ ఆల్బర్ట్ అలెగ్జాండర్. అతనికి మందు ఇచ్చింది 1941 ఫిబ్రవరిలో. అంటే రోగికి మందు పడకముందే దాని విరుగుడు దొరికేసిందన్నమాట!

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. యాంటీబయాటిక్కుల్లో చాలావాటిని మనం కనిపెట్టలేదు, మట్టిలోంచి తీసుకున్నాం. నేలలో సూక్ష్మజీవులు కోట్ల ఏళ్ళుగా ఒకదాన్నొకటి చంపుకోడానికి వాడుతున్న ఆయుధాలవి. ఆయుధం ఉన్నచోట డాలు కూడా ఉంటుంది. 2011లో శాస్త్రవేత్తలు ముప్పైవేల ఏళ్ళనాటి గడ్డకట్టిన నేలలో కూడా ఈ నిరోధక జన్యువులను చూశారు. మనం చేసిందల్లా ఆ డాలు ఉన్నవాటికి మాత్రమే బతుకుండే పరిస్థితులు తయారుచేయడం. 1948 నాటికే లండన్‌లోని ఒక ఆసుపత్రిలో స్టాఫ్ బాక్టీరియాలో సగానికి పైగా పెనిసిలిన్‌కి లొంగడం మానేశాయి. 1959లో మెథిసిలిన్ తయారైతే 1961కల్లా ఇంగ్లండులో దానికీ లొంగని స్టాఫ్ బయటపడింది. ఈ రోజు ఎంఆర్‌ఎస్‌ఏ అంటున్నది దాన్నే.

ఇక్కడ మనవాడొకాయన వస్తాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1940లో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో చేరి, తర్వాత అక్కడి పరిశోధనంతటికీ అధిపతి అయ్యాడు. ఆరియోమైసిన్‌ని ఆయనే కనిపెట్టాడని మనవాళ్ళు అభిమానం కొద్దీ రాస్తుంటారు గానీ, ఆ సూక్ష్మజీవిని పట్టుకున్నది ఆయన విభాగంలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ అనే డెబ్భై దాటిన వృక్షశాస్త్రవేత్త. 1945లో మిస్సోరీ యూనివర్సిటీ పొలంలోంచి వచ్చిన మట్టిలో అది దొరికింది. బంగారు రంగులో ఉండటం వల్ల దానికా పేరు. మట్టి నమూనాలు ఊళ్ళూళ్ళూ తెప్పించి వెతికించే ఆ కార్యక్రమాన్ని నడిపించినవాడు మాత్రం సుబ్బారావే. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది పెద్దకొడుకు. పెనిసిలిన్ లొంగదీయలేని చాలా రకాల మీద పనిచేసింది. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు చనిపోయాడు, 53 ఏళ్ళకి.

ఆ తర్వాతి ముచ్చట మనవాళ్ళు అంతగా చెప్పుకోరు. ఆ కంపెనీలోనే జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లల మేతలో విటమిన్ బి12 కోసం ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పి కలిపి చూశారు. పిల్లలు లెక్కకి మించి పెరిగాయి. కారణం విటమిన్ ఒక్కటే కాదు, పిప్పిలో మిగిలిపోయిన మందు కూడా. అంతే, 1950 నుంచి జబ్బులేని కోళ్ళకీ పందులకీ రోజూ కాస్త కాస్త యాంటీబయాటిక్ మేపడం ప్రపంచమంతా అలవాటైంది. రోజూ కాస్త కాస్త అన్నది గుర్తుపెట్టుకోండి. చంపడానికి చాలదు, అలవాటు చేయడానికి సరిపోతుంది. కోళ్ళ మేతలో కొలిస్టిన్ వాడకూడదని మన ప్రభుత్వం నిషేధించింది 2019లో. కొలిస్టిన్ అంటే పెదనాన్న రిపోర్టులో 'ఎస్' అని మిగిలిన మూడు మందుల్లో ఒకటి.

*

రెండో తెలుగాయన మా ఊరికి ఇంకా దగ్గర. తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు, గుంటూరు ఏసీ కాలేజీలో చదివిన కల్లం అంజిరెడ్డి. హైదరాబాద్ ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టాడు. 1987లో ఆ కంపెనీ నోరిలెట్ పేరుతో నార్‌ఫ్లాక్సాసిన్ తెచ్చింది. మన 1970 పేటెంటు చట్టం మందు మీద కాకుండా తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఒప్పుకునేది. దాంతో హైదరాబాద్ చుట్టూ కంపెనీలు వేరే దారుల్లో అవే మందులు చేసి, ధరలు నేలకి దించాయి. 1990లలో సిప్రోఫ్లాక్సాసిన్ కూలివాడు కూడా కొనుక్కోగలిగే బిళ్ళ అయింది. టైఫాయిడ్‌తో పోవాల్సిన ప్రాణాలెన్నో నిలిచాయి. దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. మందు చౌక కావడం తప్పు కాదు. చౌకైన మందుకి కాపలా లేకపోవడం తప్పు.

ఆ కాపలా లేకపోవడం ఎంతదాకా వెళ్ళిందో 2007లో తెలిసింది. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన జోయకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో, దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళని పరీక్షించింది. శుద్ధి చేశాక వచ్చే నీళ్ళండీ! అందులో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. బిళ్ళ మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకి దాదాపు 45 కిలోలు, అంటే అప్పటి స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత, కాలవలో కలుస్తోందని వాళ్ళ లెక్క. మన గచ్చిబౌలి నుంచి ఔటర్ ఎక్కితే అరగంట దూరం. ఆ నీళ్ళలో బతకాలంటే ఏ బాక్టీరియాకైనా ఆర్ తప్పనిసరి.

బాక్టీరియా నేర్చుకున్నది తన పిల్లలకి మాత్రమే ఇస్తే ఇంత ప్రమాదం లేకపోయేది. అది పక్కవాడికి కూడా కాపీ చేసిచ్చేస్తుంది. 1950లలో జపాన్‌లో జిగట విరేచనాల బాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకి ఎదురుతిరగడం చూసి అక్కడి శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. ఈ-కొలై నుంచి షిగెల్లాకి ఆ గుణం మొత్తం ఒక కట్టగా చేతులు మారుతోందని 1959లో తేల్చారు. ఆ కట్ట పేరు ప్లాస్మిడ్. మన భాషలో చెప్పాలంటే లైసెన్సు అడగని ఓపెన్ సోర్స్ లైబ్రరీ :) జాతి వేరైనా సరే దించుకుని వాడేసుకోవచ్చు. మురిక్కాలవలో రాసిన కోడు మనిషి పేగుల్లోకి, అక్కణ్ణుంచి అరికాలి పుండులోకి రావడానికి అడ్డేమీ లేదు.

*

ఇదంతా పెదనాన్నకి చెప్పడానికి నేను నానా తంటాలూ పడ్డాను. ప్లాస్మిడ్ అంటే ఏం చెప్తాం? ఆసుపత్రి మంచం మీద పడుకుని కాసేపు విని ఆయనే అన్నాడు: "ఇంతేగా, మన పచ్చపురుగు కథేగా."

నాకు నోట మాట రాలేదు. నేను పుస్తకాల్లో వెతుకుతున్న చరిత్ర ఆయన చేలో చూసేశాడు.

కొత్తవాళ్ళ కోసం చెప్తా. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు, అంటే సైపర్‌మెథ్రిన్ లాంటి పురుగుమందులు మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలలోకి వచ్చాయి. మొదట్లో మంత్రం వేసినట్టు పనిచేశాయి. ఒకసారి కొడితే చేను శుభ్రం. దాంతో పురుగు కనబడినా కొట్టారు, కనబడకపోయినా కొట్టారు. ఏం కొట్టాలో చెప్పేది పురుగుమందుల కొట్టువాడే. మందు పనిచేయకపోతే రెండు కలిపి, మూడు కలిపి కొట్టారు. తెల్లదోమ విజృంభించింది. పురుగుని తినే మిత్ర పురుగులు ముందే చచ్చాయి. 1987కి పచ్చపురుగు పైరిత్రాయిడ్లకి లొంగడం మానేసింది. కోస్తా ఆంధ్రలో ఈ నిరోధకతని శాస్త్రవేత్తలు అప్పట్లోనే కొలిచి రాశారు కూడా. 1987-88లో ఈ మైదానంలో పత్తి రైతులు అప్పుల్లో మునిగి ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. పురుగుని చంపని మందే తాగి పోయినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. 2002లో బీటీ పత్తి వచ్చాక కొన్నేళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. 2015 దాటేసరికి గులాబీరంగు పురుగు దానికీ అలవాటు పడింది.

"ఆ ఏడు ఇరవైసార్లు కొట్టాంరా. కొట్టువాడు కొత్త డబ్బా ఇచ్చినప్పుడల్లా ఇది స్ట్రాంగు అనేవాడు," అన్నాడు పెదనాన్న.

స్ట్రాంగు. ఫోన్లో నేనన్న మాట కూడా అదే. ఆయన నన్ను ఉద్దేశించి అనలేదు, అన్నయ్యకి నేనేం చెప్పానో ఆయనకి తెలియదు కూడా. కానీ ఆ రాత్రి గుంటూరులో లాడ్జి గదిలో నాకు నిద్ర పట్టలేదు. 1987లో కొట్టువాడు చేసిన పని నేను చేశాను. తేడా అల్లా వాడు డబ్బులు తీసుకుని చేశాడు, నేను డబ్బులు పంపి చేశాను.

మేం ఆ మూడువారాల్లో కొత్త బాక్టీరియాని పుట్టించామని కాదు. లొంగేవి ఉన్నాయి, లొంగనివీ కొన్ని ముందే ఉండుంటాయి. తెలిసీ తెలియక వేసిన మందులతో లొంగేవాటిని ఏరి చంపి, మిగిలినవాటికి చేను మొత్తం అప్పజెప్పాం.

*

షుగరు పుండులో పెరిగే బాక్టీరియా అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికా, యూరపుల్లో ఎక్కువగా కనబడేది స్టాఫ్. మన దేశంలాంటి వేడి దేశాల్లో సూడోమొనాస్, ఈ-కొలై, క్లెబ్సియెల్లా, ప్రోటియస్ లాంటి గ్రామ్ నెగటివ్ రకాల వాటా ఎక్కువని మన ఆసుపత్రుల నుంచి వచ్చిన చాలా అధ్యయనాలు చెప్తున్నాయి. వీటికి చుట్టూ రెండు పొరల గోడ. మందు లోపలికి పోవడం కష్టం, పోయినా కొన్ని దాన్ని పంపు పెట్టినట్టు బయటికి తోడేస్తాయి. ఒక్కో పుండులో రెండుమూడు రకాలు కలిసి జిగురు పొర కట్టుకుని కూర్చుంటాయి. ఆ పొర కింద, రక్తం అందని కుళ్ళిన మాంసంలో ఉన్నవాటికి బిళ్ళలతో ఏమీ కాదు.

పెదనాన్నకి మిగిలిన మూడు 'ఎస్'లు ఏంటంటే కొలిస్టిన్, అమికాసిన్, మెరోపెనెమ్. మొదటి రెండూ కిడ్నీల మీద దెబ్బ కొట్టగలవు, షుగరోళ్ళ కిడ్నీలు అసలే అంతంతమాత్రం. నిశ్చింతగా వాడదగ్గది మెరోపెనెమ్ ఒక్కటే. దానికి కూడా కోత పెట్టే ఎంజైమ్ ఉంది. 2008లో స్వీడన్‌లో, అంతకుముందు ఢిల్లీ ఆసుపత్రిలో ఉండొచ్చిన భారత సంతతి రోగి క్లెబ్సియెల్లాలో దొరికింది. దానికి ఎన్‌డీఎం-1 అని పేరు పెట్టారు. ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. 2010లో అది చెన్నైలోనూ హర్యానాలోనూ ఉందని పేపరు వచ్చినప్పుడు, రాజధాని పేరు పెట్టడం దేశానికి అవమానమని మన దగ్గర పెద్ద గొడవ జరిగింది. పేరు గురించి అరిచినంత గట్టిగా బాక్టీరియా గురించి అరిచి ఉంటే బాగుండేది.

మా అదృష్టం, పెదనాన్న క్లెబ్సియెల్లా దగ్గర ఆ ఎంజైమ్ ఇంకా లేదు. ఆ 'ఇంకా' మీదే ఆయన కాలు నిలబడింది.

నిజానికి కాలిని కాపాడింది మందు ఒక్కటే కాదు. డాక్టరు మొదట చేసింది కత్తి పట్టడం. చీము తీసి, కుళ్ళిన మాంసం కోసి, బొటనవేలు తీసేసి, అప్పుడు లోపలి మాంసం ముక్క కల్చర్‌కి పంపింది. పైపైన దూదితో తుడిచి పంపితే చర్మం మీద తిరిగే ఊరి బాక్టీరియా అంతా రిపోర్టులో ఎక్కుతుందట, అసలు దొంగ దొరకదట. రెండురోజులకి ఆ కాగితం వచ్చింది. అన్నయ్య నాకు పంపింది దాన్నే. మెరోపెనెమ్ ఇచ్చింది పదిరోజులు. నేను అలవాటు కొద్దీ "ఇంకో రెండువారాలు వాడితే సేఫ్ కదా డాక్టర్?" అన్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది: "ఎముకకి పట్టలేదు, ఉన్నంతా తీసేశాం. ఇన్ఫెక్షను తగ్గేదాకే మందు, పుండు మానేదాకా కాదు. మానడానికి కావాల్సింది షుగరు కంట్రోలు, కాలి మీద బరువు పడకపోవడం."

ఇంటికొచ్చి చూస్తే 2023 అంతర్జాతీయ డయాబెటిక్ ఫుట్ మార్గదర్శకాలు అన్నదీ అదే. ఇన్ఫెక్షను లక్షణాలు లేని పుండుకి యాంటీబయాటిక్ ఇవ్వొద్దు. మాంసానికి పడితే వారం, రెండువారాలు. ఎముకకి పట్టి, ఎముక తీయకపోతే ఆరువారాలు. ఇందులో స్ట్రాంగ్ అనే మాటెక్కడా లేదు. ఈ బాక్టీరియాకి ఏది తగలాలో అది, ఎన్ని రోజులు కావాలో అన్ని రోజులు. అంతే.

చట్టాలూ ఉన్నాయి. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద 46 మందుల్ని, అందులో 24 యాంటీబయాటిక్కుల్ని, చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. మన వీధి చివర షాపులో ఆ రిజిస్టర్ ఎప్పుడైనా చూశారా? నేనూ చూడలేదు. అడగనూ లేదు. వారాంతంలో గొంతునొప్పి వస్తే ఆ షాపుకే పోయి అజిత్రోమైసిన్ కొనుక్కున్న చరిత్ర నాకూ ఉంది.

*

2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుంది. ఇది చదువుతున్న మీలో చాలామంది ఇళ్ళల్లో ఆ లెక్కలోకి వచ్చేవాళ్ళు ఒక్కరైనా ఉంటారు. గంటల తరబడి కుర్చీలో కూర్చునే మనం కూడా ఆ దారిలోనే ఉన్నాం.

పెదనాన్న ఇప్పుడు బాగానే ఉన్నాడు. బొటనవేలు లేదు, కాలుంది. వెల్క్రో పట్టీల ఎంసీఆర్ చెప్పులు ఒక జత ఇంట్లోకి, ఒక జత చేలోకి. రేగడి అంటుకుంటే గట్టు మీద కూర్చుని పుల్లతో గీక్కుంటాడు గానీ విప్పడు. గుడికి తెల్లవారుజామునే, బండలు కాలకముందే, మేజోళ్ళు వేసుకుని పోయొస్తున్నాడు. రాత్రి పడుకోబోయే ముందు పెద్దమ్మ సెల్‌ఫోన్ లైటు వేసి రెండు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ చూస్తుంది. మొదట్లో "ఇదేం చోద్యమే" అని కాళ్ళు ముడుచుకునేవాడట. ఇప్పుడు ఆయనే చాపుతున్నాడు.

ఈ ఏడు చేలో రసం పీల్చే పురుగు కనబడిందట. పురుగుమందుల కొట్టుకి పోలేదు. ముందు పదిరోజులు చూస్తానన్నాడు.

నేను మాత్రం ఒక అలవాటు మార్చుకున్నా. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "షుగరెంతుంది?" అని అడిగి పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు వీడియో కాల్ చేసి "కాళ్ళు చూపించు" అంటున్నా. మీరూ ఈ వారం ఒకసారి అడిగి చూడండి. కాస్త ఎర్రగా ఉన్నా, నొప్పి లేదని వాళ్ళు అన్నా సరే, మందు పేరు మాత్రం మీరు చెప్పకండి. డాక్టరు దగ్గరికి పంపండి.

ఉంటాను మరి.